పలక తప్పును పాదం మీద వేయకండి

సర్ఫింగ్ అంతా బాలెన్సే, పలక ఏదైనా ఒకటే అనే మాట మా వైపు స్థిరపడిపోయింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రాళ్ళు వరుసగా రెండ్రోజులు సెలవు దొరికితే చెన్నై దాటి కోవళానికో మహాబలిపురానికో పోతారు. గంటల లెక్కన బోర్డు అద్దెకు తీసుకుంటారు. మోచేతులు గీరుకుని, ముక్కులోకి ఉప్పునీళ్ళు ఎక్కించుకుని తిరిగొస్తారు. "మనకు బాలెన్స్ లేదన్నా, అది సముద్రం పక్కన పుట్టినోళ్ళకే" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు దానికి ఇంకాస్త కలుపుతారు: మెట్టోళ్ళకు నీళ్ళాటలెందుకురా అని.

నిజమే, సముద్రమట్టం అనే మాట మాకు రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద తప్ప కనబడదు. మదనపల్లె ఆ మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్ళు కుప్పం చేరడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత పొడి నేల మీద పెరిగినవాడు అల మీద నిలబడలేకపోతే కారణాన్ని వాడి పుట్టుకలో వెతకడం సులువు. సులువు కాబట్టే అందరూ ఆ పని చేస్తున్నారు. నా వాదన వేరు. పడ్డవాడి పాదాలను విచారించే ముందు వాడి కిందున్న పలకను విచారించాలి. దాని అడుగు నీటితో ఏం చేస్తోంది, దాని పైభాగం పాదాన్ని పట్టి ఉంచుతోందా లేదా? ఈ రెండూ తేల్చకుండా బాలెన్స్ మాట ఎత్తేవాడికి సర్ఫింగ్ తెలియదు, లేదా తెలిసీ అద్దె వసూలు చేసుకుంటున్నాడు.

మా చిన్నాన్న కొడుకు ఎనభై కిలోల మనిషి. జానెడు వెడల్పు గట్టు మీద తలన గడ్డిమోపు పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా నడిచిపోతాడు. ఒక అద్దె దుకాణంలో వాడి చేతిలో ఆరడుగుల సన్నటి బోర్డు పెట్టారు. చూడ్డానికి బాగుందని వాడూ సరేనన్నాడు. పూటంతా పడ్డాడు. డబ్బు తీసుకునేటప్పుడు "బాలెన్స్ ప్రాక్టీస్ చెయ్యి బ్రదర్" అన్నారట.

లెక్క చూద్దాం. అలాంటి బోర్డు ఘనపరిమాణం 30 లీటర్ల చుట్టూ ఉంటుంది. పూర్తిగా మునిగినా అది మోయగలిగేది 30 కిలోలు; తన బరువు మూడు కిలోలు తీసేస్తే మిగిలేది 27. దాని మీద బోర్లా పడుకున్న ఎనభై కిలోల మనిషి ఛాతీ నీళ్ళలోనే ఉంటుంది. ఆ ఒళ్ళంతటినీ నీళ్ళను చీల్చుకుంటూ చేతులతో లాగాలి. మీటరున్నర లోతున్న చోట అల వేగం గంటకు 14 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. కొత్తవాడి చేతులకు అంత లాగుడులో గంటకు నాలుగు కిలోమీటర్లు వస్తే గొప్ప. ఆ తేడాను అల నెట్టుడే పూడ్చాలి. పలక నీటిపైకి లేచి జారడం మొదలుపెడితేనే అది పూడుతుంది. లేవకపోతే అల కింద నుంచి తన దారిన తాను పోతుంది; లేదంటే నిటారుగా లేచి విరిగే క్షణంలో వెనక నుంచి ఎత్తి, ముక్కును నీళ్ళలోకి గుచ్చి, మనిషిని అవతలికి విసిరేస్తుంది. ఇందులో బాలెన్స్ ప్రసక్తి ఎక్కడ వచ్చింది? మనిషి ఇంకా లేచి నిలబడనే లేదు కదా. అదే మనిషి కింద 80, 90 లీటర్ల ఎనిమిది తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డు ఉంటే ఒళ్ళు నీటిపైన ఉండేది, అల ఇంకా వాలుగా ఉన్నప్పుడే అందేది, మోకాళ్ళు కూడదీసుకుని లేవడానికి వ్యవధి దొరికేది.

చెరువు గట్టు మీద నిలబడి పెంకులు విసిరినవాళ్ళకు తర్వాతి సంగతి కొత్త కాదు. చదునైన పెంకు వేగం ఉన్నంతసేపు నీటి మీద గంతులేస్తుంది, వేగం చచ్చిన చోట బుడుంగున మునుగుతుంది. బోర్డు కూడా అంతే. మెల్లగా ఉన్నప్పుడు మనిషిని మోసేవి లీటర్లు. వేగం అందుకున్నాక మోసేది అడుగు: అది నీటిని కిందికి తోస్తుంది, నీరు దాన్ని పైకి తోస్తుంది. ఎంత వెడల్పున, ఏ ఒంపుతో, ఏ కోణంలో తోస్తోందన్న దాన్నిబట్టి సవారీ ఉంటుంది. దీన్ని లెక్కగా పట్టుకున్నవాడు కాలిఫోర్నియాకు చెందిన బాబ్ సిమన్స్. నీటి మీద జారే వేగపు పడవల అడుగుల గురించి లిండ్సే లార్డ్ 1946లో ఒక పుస్తకం వేశాడు. సర్ఫింగ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. సిమన్స్ దాన్ని చదివి, ఆ సూత్రాలను తన బోర్డుల అడుగులకు పట్టించాడు. 1954లో సర్ఫింగ్ చేస్తూనే చనిపోయాడు. ఇవాళ తయారయ్యే బోర్డుల్లో ఆయన ఆలోచన ఇంకా కనిపిస్తుంది.

అడుగంటే చదును పలకేగా అనుకునేవాళ్ళు ఈసారి బోర్డును తిరగేసి అరచేత్తో తడమండి. కొన్నిటికి మధ్యలో పొట్టలా ఉబ్బు ఉంటుంది. నీరు ఆ ఉబ్బు చుట్టూ మెత్తగా పారుతుంది. అలాంటి బోర్డు అంత త్వరగా నీటిపైకి లేవదు, చటుక్కున తిరగదు, కానీ అల ఒంటిని పట్టుకుని నిదానంగా, కుదుపు లేకుండా పోతుంది. కొన్నిటికి లోపలికి గుంట ఉంటుంది. నీరు ఆ గుంటలో చిక్కి తోకవైపు పారుతూ పలకను ఎత్తుతుంది. వేగం తొందరగా వస్తుంది, అలజడి నీళ్ళలో కాస్త చిందరవందరగా ఊగుతుంది. తోక దగ్గర రెండు వాలులు కలిసిన గట్టులా ఉంటే ఇటు నుంచి అటు వంచడం సులువు. అంచుల సంగతి ఇంకా విచిత్రం. గుండ్రటి అంచు చుట్టూ నీరు అంటుకుని పైకి ఎక్కుతుంది, బోర్డును పట్టి ఉంచుతుంది. కోసినట్టున్న అంచు దగ్గర నీరు తెగి విడిపోతుంది, వేగం మిగులుతుంది. అందుకే చాలా బోర్డులకు ముందు భాగంలో గుండ్రటి అంచు, తోక దగ్గర పదునైన అంచు పెడతారు. ఇక ముక్కు ఎత్తు. మన బంగాళాఖాతం ఒడ్డున చాలాచోట్ల అల ఒడ్డుకు బాగా దగ్గరికొచ్చి, ఒక్కసారిగా నిటారై విరుగుతుంది. ముక్కు ఎత్తు లేని బోర్డుతో అక్కడికి దిగితే అది గునపంలా దిగబడటమే. ఎత్తు మరీ ఎక్కువైతే చేతులతో ఎంత తోసినా ముందుకు కదలదు. రెంటి మధ్య ఎక్కడ ఆపాలో తెలిసినవాడే బోర్డు చెక్కేవాడు.

ఇవన్నీ సన్నసన్న తేడాలు, మొదటిరోజు నేర్చుకునేవాడికి ఏం తెలుస్తాయి అని అడుగుతారు. తెలియనక్కర్లేదు. చెప్పు కరిస్తే చర్మకారుడి విద్య తెలియకపోయినా కాలికి తెలుస్తుంది.

చరిత్ర ఏం చెబుతోందో చూడండి. 1935కు ముందు బోర్డుల అడుగున రెక్క ఉండేది కాదు. ఏటవాలు అల మీద తోక పక్కకు జారిపోయేది; నీళ్ళలో కాలు ముంచి దారి మళ్ళించేవారు. ఆ ఏడాది టామ్ బ్లేక్ అనే అమెరికన్ ఒక పాత స్పీడుబోటు అడుగుపట్టీని తీసి తన బోర్డుకు బిగించాడు, జారుడు ఆగింది. 1937లో హొనొలూలులో జాన్ కెల్లీ, ఫ్రాన్ హీత్, వాలీ ఫ్రోయిసెత్ అనే కుర్రాళ్ళు పెద్ద అలల్లో జారి జారి విసిగిపోయారు. కెల్లీ గొడ్డలి తీసుకుని బోర్డు తోకను రెండు పక్కలా నరికి సన్నం చేశాడు, అడుగును మొనలా చెక్కాడు. అదే రోజు మళ్ళీ నీళ్ళలోకి దిగారు. బోర్డు అలను కరిచి పట్టుకుంది. పొద్దున జారిన పాదాలే సాయంత్రం నిలబడ్డాయి. మధ్యలో మారింది తోక ఒక్కటే. బాలెన్స్ వాదులు ఈ ఒక్క రోజుకు సంజాయిషీ చెప్పగలిగితే నేను మిగతా వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

చెప్పలేరు గనక ఇంకొకటి. 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఆస్ట్రేలియన్ మార్క్ రిచర్డ్స్ రెండు రెక్కల బోర్డు మీద ఆడేవాడు. తోటి ఆస్ట్రేలియన్ సైమన్ ఆండర్సన్ భారీ మనిషి. ఆ రెండు రెక్కల బోర్డు ఆయన ఒంటికి నప్పలేదు, బలంగా తొక్కితే తోక జారేది. మూడో రెక్క మధ్యలో పెట్టి బోర్డు చేసుకున్నాడు. 1981లో బెల్స్ బీచ్ పోటీ గెలిచాడు, సిడ్నీలో గెలిచాడు, అదే ఏడాది హవాయిలోని పైప్‌లైన్‌లోనూ గెలిచాడు. ఆయన బాలెన్స్ ఒక్క సంవత్సరంలో పెరిగిందా? ఇవాళ ప్రపంచంలో ఎక్కువ బోర్డులకు మూడు రెక్కలే. రిచర్డ్స్ ఒంటికి రెండు, ఆండర్సన్ ఒంటికి మూడు. మనిషినిబట్టి బోర్డు మారాలని ఇద్దరు మహా ఆటగాళ్ళే చూపించిపోయారు. మన దగ్గర మాత్రం యాభై కిలోల అమ్మాయికీ తొంభై కిలోల అబ్బాయికీ గోడకు ఆనించి ఉన్న వాటిలో చేతికందింది ఇస్తారు. కొన్నిసార్లు రెక్క ఒకటి ఊడి కూడా ఉంటుంది. అది గిర్రున తిరిగితే తప్పు మళ్ళీ కుర్రాడిదే.

పైభాగం గురించి మాట్లాడితే అపహాస్యం ఇంకా ఎక్కువ. మైనం రుద్దడం సోకట, తోక దగ్గర అతికించే ప్యాడ్ అలంకారమట. బోర్డు అడుగును నీటికి అప్పగించేది పాదం. వంగమని పాదం చెప్పేది అంచుకు చేరాలంటే మధ్యలో జారుడు ఉండకూడదు. తడిసిన ఫైబర్ మీద మనిషి మడమతో తోస్తే బోర్డు వంగదు, మడమే పోతుంది. అడుగెంత గొప్పగా చెక్కినా అప్పుడు ఆ పనితనమంతా వృథా. అందుకే పట్టును అడుగు నుంచి విడదీసి మాట్లాడటాన్ని నేను ఒప్పుకోను.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, గురువులు కూడా తరచూ వదిలేస్తారు. అల మీద వంగి తిరుగుతున్నప్పుడు పట్టు అవసరం మనం అనుకున్నంత ఉండదు. మనిషీ బోర్డూ కలిసి వాలుతాయి కాబట్టి బరువు దాదాపు పలకకు నిటారుగానే దిగుతుంది. పట్టు అసలు కావలసింది అంతకు ముందరి రెండు మూడు క్షణాల్లో: అరచేతులు ఊని ఒంటిని ఎగరేసి పాదాలు కిందికి తెచ్చేటప్పుడు, వెనక పాదంతో మొదటిసారి గట్టిగా నెట్టేటప్పుడు. కొత్తవాడు పడేది సరిగ్గా అక్కడే. అంటే పట్టు అవసరం నిపుణుడికంటే కొత్తవాడికే ఎక్కువ. జరిగేది తలకిందులు. నిపుణుడు తన బోర్డుకు వేళ్ళు నొప్పిపుట్టేలా మైనం పట్టించుకుంటాడు; కొత్తవాడికి అద్దెకిచ్చే ఫోమ్ బోర్డు పైభాగం ఎందరో పడుకుని అరిగి నున్నగా ఉంటుంది. దానికి తోడు మనం తలకు కొబ్బరినూనె, ఒంటికి సన్‌స్క్రీన్ పూసుకుని దాని మీద బోర్లా పడుకుంటాం. ఆ జిడ్డు మీద పాదం నిలవమంటే ఎలా నిలుస్తుంది?

మైనం కథ కూడా 1935 దగ్గరే మొదలవుతుంది. కాలిఫోర్నియాలో ఆల్‌ఫ్రెడ్ గాలంట్ అనే కుర్రాడు మైనం పూసిన ఇంటి నేల కాలికి పట్టుకోవడం గమనించి బోర్డుకు రాసి చూశాడని చెబుతారు. అప్పటిదాకా ఇసుక కలిపిన రంగు దగ్గర నుంచి ఎన్నో అవస్థలు పడ్డారు. 1970ల్లో హెర్బీ ఫ్లెచర్ అతికించే ప్యాడ్‌లను మార్కెట్లోకి తెచ్చాడు. ప్యాడ్ వెనక అంచున లేచి ఉండే మెట్టు, మధ్యలో ఉబ్బు ఊరికే పెట్టినవి కావు. కిందికి చూడకుండానే వెనక పాదం రెక్కల మీదికి వచ్చిందో లేదో ఆ మెట్టు చెబుతుంది. పొడుగు బోర్డు మీద ముందుకూ వెనక్కూ నడిచేవాళ్ళకు ఆ ప్యాడ్ అక్కర్లేదు, వాళ్ళకు పలక పొడవునా మైనం కావాలి. మైనంలోనూ నీటి వేడినిబట్టి రకాలున్నాయి. చన్నీళ్ళ మైనం చెన్నై నీళ్ళలో, చెన్నై ఎండలో కరిగి జారుడు బండ అవుతుంది; వేడి ప్రాంతాల కోసం చేసిన గట్టి మైనమే ఇక్కడ పనికొస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియని దుకాణంలో బాలెన్స్ పాఠాలు వినాల్సి రావడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

ఇక సముద్రం పక్కన పుట్టినవాళ్ళ మాట. ఈ వాదనలో ఇదే అన్నిటికన్నా అన్యాయమైనది, ఎందుకంటే ఇది తీరంవాళ్ళను పొగుడుతున్నట్టుండి వాళ్ళ పనితనాన్ని కాజేస్తుంది. మన తీరపు జాలరి తెప్ప మీద కెరటం దాటి పోయి, అదే కెరటం మీద ఒడ్డుకు జారి వచ్చాడు. అది పుట్టుకతో వచ్చిన బాలెన్స్ కాదు, తెప్ప కట్టిన చేతి విద్య. తేలిక కలప దుంగలు ఏరి, ముందువైపు సన్నం చేసి, మొన పైకి లేచేలా చెక్కి, తాళ్ళతో బిగిస్తారు. పైకి ఎక్కిన నీరు దుంగల సందుల్లోంచి దిగిపోతుంది, తోడిపోయాల్సిన పని లేదు. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు, నీళ్ళు తాగి బరువెక్కకుండా. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం గురించి రాస్తూ, దక్షిణ కోరమాండల్ కట్టుమరం వేరు, గంజాం, విశాఖపట్నం తీరపు తెప్ప వేరు అని విడదీసి చూపాడు. ఒకే సముద్రానికి రెండు తీరాల్లో రెండు నిర్మాణాలు. బాలెన్సే చాలనుకుంటే ఆ తేడా ఎందుకు?

రేవు కట్టకముందు మద్రాసులో ఇంకా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. భూగోళం చుట్టి వచ్చిన ఐరోపా నావికులు ఓడను దూరాన లంగరు వేసి, ఒడ్డుకు చేరడానికి మసూలా పడవల వాళ్ళను బతిమాలుకునేవారు. ఆ నావికులకు బాలెన్స్ లేదనగలమా? వాళ్ళ బతుకంతా ఊగే చెక్కల మీదే గడిచింది. వాళ్ళ పడవలు మేకులు కొట్టి బిగించిన గట్టి పడవలు. మద్రాసు కెరటాల్లో ఒడ్డును ఢీకొంటే పగిలేవి. మసూలా పడవకు లోపల పక్కటెముకల చట్రం లేదు, పలకలను కొబ్బరి పీచు తాటితో కుట్టేవారు. దెబ్బ తగిలితే ఒళ్ళు వంచి తట్టుకునేది. ఒడ్డు చేర్చింది పడవ ఒడలు. 1980ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ బంగాళాఖాతం కార్యక్రమం కింద ఈ తీరానికి తగ్గ పడవ నమూనాలు గీయడానికి ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. జాలరికి బాలెన్స్ పాఠం చెబుదామని వాళ్ళలో ఎవరికీ తోచలేదు.

బాలెన్స్ పక్షం దగ్గర ఒక్క మంచి వాదన ఉంది, దాన్ని దాటవేయను. గొప్ప సర్ఫర్లు తలుపు చెక్క మీద, భోజనాల బల్ల మీద కూడా అల ఎక్కి చూపించిన వీడియోలున్నాయి. ఉన్నాయి, నేనూ చూశాను. అవి రుజువు చేసేది ఏమిటి? తలుపుతో ఏది కుదరదో ఆ మనిషికి తెలుసు. దానికి సరిపోయే మెత్తటి అల ఎంచుకుంటాడు, తిప్పడు, నేరుగా పోతాడు. అదే మనిషి పోటీ రోజున తలుపు తీసుకుని రాడు. బోర్డు మీటరులో వెయ్యోవంతు మందం తగ్గిందని అలిగి కూర్చునేవాళ్ళు వాళ్ళు. తప్పుడు పలకను తన నేర్పుతో సరిపెట్టుకోవడం నిపుణుడికి చెల్లుతుంది. మొదటిసారి దిగినవాడిని ఆ పని చేయమనడం దౌర్జన్యం.

అయితే ఖరీదైన బోర్డు కొంటే సరి అనుకునేవాళ్ళు నా పక్షాన నిలబడవద్దు. పోటీ ఆటగాడి బోర్డు కొని సంక్రాంతి సెలవుల్లో కారు మీద కట్టుకుపోయేవాడు అద్దె దుకాణంవాడికంటే ఎక్కువ తప్పు చేస్తున్నాడు. ఆ బోర్డు బలమైన అలకూ ఆ ఆటగాడి ఒంటికీ ఏళ్ళ సాధనకూ గీసింది. మొదటి ఏడాది కావలసింది వెడల్పుగా, మందంగా, అడుగు చదునుగా, ముక్కు కాస్త ఎత్తుగా ఉన్న ఫోమ్ బోర్డు, అది తక్కువ ధరకే దొరుకుతుంది. బాలెన్స్ దాని మీద పుడుతుంది. నిలకడగా జారే పలక దొరికాక, రెండు పాదాలూ జారకుండా ఆగాక, ఒళ్ళు తనంతట తాను సర్దుకోవడం నేర్చుకుంటుంది. అది ఫలితం. దాన్ని కారణం స్థానంలో కూర్చోబెట్టడమే ఈ ప్రచారంలోని మోసం.

కుప్పం కుర్రాళ్ళకు తమిళం, కన్నడం రెండూ వస్తాయి కాబట్టి బేరంలో వాళ్ళను ఎవరూ ముంచలేరు. అడగాల్సిన ప్రశ్నలే తెలియాలి. మదనపల్లె, పుంగనూరు పిల్లలకూ ఇదే చెబుతున్నాను. ఈసారి పోయినప్పుడు డబ్బు తీసే ముందు బోర్డు ఎన్ని లీటర్లో అడగండి, మీ బరువు చెప్పండి. బోర్డును తిరగేయించి రెక్కలన్నీ ఉన్నాయో, గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చేత్తో కదిపి చూడండి. పైభాగాన్ని తడిపి, దాని మీద పాదం పెట్టి నెట్టండి. జారితే మైనం అడగండి, లేదంటే వేరే బోర్డు అడగండి. నూనె, క్రీము ఒంటికి రాసుకుంటే మెడ, ముఖం వరకే రాసుకుని, మిగతా ఒంటికి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఇవి అడిగితే విసుక్కునే దుకాణంలో రూపాయి కూడా పెట్టకండి, పక్క దుకాణానికి పోండి. ఈత రానివాళ్ళు మాత్రం ఏ బోర్డూ ముట్టుకోవద్దు. ముందు ఊళ్ళోనే ఈత నేర్చుకుని రండి.